బిడియమును కత్తెరయు



ఈ పూట నేను విన్నవింపబోవు ప్రశ్న మిక్కిలి చిన్నది. "నలుగురిలో మాటలాడుటకు జంకువాడు క్షౌరవృత్తిని చేపట్టవచ్చునా?" అనునది ఆ ప్రశ్న. ఇది ఉపన్యాసమునకై నేను కల్పించినది కాదు. నా పూర్వశిష్యుడొకడు ఒక సాయంకాలము నన్ను అడిగినది. ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడనై బాలురకు సంధులును సమాసములును బోధించిన నాకు దీనికి వెంటనే ఉత్తరము తోచలేదు. తోచకపోవుటకు నా తెలియమి యొక్కటే కారణము కాదని తరువాత గ్రహించితిని. కనుక ఆ వృత్తాంతమును, దానివలన నేను నేర్చుకొన్న నాలుగు మాటలను మీ ముందుంచెదను.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగరము – హైదరాబాదు నగరమున ఈ మూడు పేటలును ఇరుగుపొరుగువి. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ కలదు. నావంటి ముదుసలులు కచేరీలకును, నాటకములకును, సన్మానసభలకును అచ్చటికి పోవుచుందురు. అదే పేటలో నగర కేంద్ర గ్రంథాలయము కలదు. దానికి వచ్చువారిలో పెక్కుమంది కావ్యములు చదువ వచ్చినవారు కారు. ప్రభుత్వోద్యోగముల పరీక్షలకు సిద్ధపడుచున్న యువతీయువకులు. అశోకనగరపు సందులనిండ శిక్షణాలయములు, అద్దెగదులు, మెస్సులు, పరీక్షల పుస్తకముల అంగళ్లు. ఉద్యోగములు వందలలో నుండును. అభ్యర్థులు లక్షలలో నుందురు.

తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడిన పిదప మొదటి గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిలు నెలలో 503 ఉద్యోగములకు వెలువడెను. అక్టోబరు 16న ప్రాథమిక పరీక్ష జరిగెను. ప్రశ్నపత్రములు బయటపడిన కారణమున 2023 మార్చిలో అది రద్దయ్యెను. జూన్ 11న మరల పరీక్ష జరిగెను. సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానము దానిని కూడ రద్దు చేసెను. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన వచ్చెను. ఈ అంకెలను వినుటకు నిమిషము పట్టదు. ఇరుకుగదిలో నలుగురితో కలిసి, ఇంటినుండి వచ్చు పైకముపై బ్రదుకుచు, వానిని అనుభవించుటకు మాత్రము రెండేండ్లు పట్టినది.

నా శిష్యుడు ఆ రెండు పరీక్షలును వ్రాసినవాడు. వ్యవసాయకుటుంబమున పుట్టినవాడు, పట్టభద్రుడు, ఇరువదితొమ్మిదేండ్లవాడు. గదిలోని స్నేహితులకు కటింగు షాపునకు పోవు ఖర్చు మిగులునని ఆదివారములందు తానే కత్తెర పట్టి వారి జుట్టు దిద్దసాగెను. కొన్నాళ్లకు ప్రక్కగదులవారును, పైయంతస్తువారును వచ్చి వరుసలో కూర్చుండిరట. అట్టివాడు ఒకనాడు గ్రంథాలయము వెలుపల టీకొట్టు దగ్గర నన్ను చూచి, కొంతసేపు గ్లాసువంక చూచుచుండి, మెల్లగా ఇట్లనెను:

"సార్, చదువు ఆపేసి ఈ పని నేర్చుకుందామనుకుంటున్నాను. కత్తెర పట్టుకుంటే నా చెయ్యి వణకదు. కానీ మనుషులతో మాట్లాడాలంటే గొంతు పెగలదు. నాకు కుదురుతుందా?"

"ఇంత చదివి ఆ పనియా?" అను మాట నా నాలుక చివరకు వచ్చినది. దానిని టీతోపాటు మ్రింగివేసితిని. అంతలో అతడు చిన్నగా నవ్వి, "తొమ్మిదో తరగతిలో మీరే అన్నారు గదా సార్, వీడికి దేవుడు నోరు తినడానికే ఇచ్చాడని" అనెను. అతని కంఠమున నిష్ఠురము లేదు. ఎవరో చెప్పిన వాతావరణ సమాచారము వలె ఆ మాటను చెప్పెను. పద్యమప్పగింపుమని నిలువబెట్టినప్పుడు అతడు మౌనముగా నిలిచియుండగా నేనట్లు అంటినట. తరగతియంతయు నవ్వినదట. నేను మరచితిని. పదునైదేండ్లుగా అతడు మరువలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పండితుని వ్యాధి పదవిచారము గదా. సిగ్గు అను మాటను పట్టుకొని ఆలోచించితిని. సిగ్గు, బిడియము, జంకు, సంకోచము, మొగమాటము, వెరపు – ఇన్ని మాటలు మన భాషలో నుండగా మనము వానినన్నిటిని ఒకే గంపలో వేసి "వాడు సిగ్గరి" అని తీర్మానించుచున్నాము. శాస్త్రకారులు అట్లు చేయలేదు. భగవద్గీత పదునారవ అధ్యాయమున దైవసంపదగా లెక్కించిన గుణములలో "హ్రీ" యొకటి. చేయరాని పనికి వెనుదీయు లజ్జ అది. దోషము కాదు, సంపద. కనుక ఏ సిగ్గో తెలియక ఏ వృత్తికైనను తగుదువనియు, తగవనియు చెప్పుట తప్పు.

నా బుద్ధికి తోచినంతలో ఈ విషయమున మూడు వేరు గుణములున్నవి. మొదటిది మితభాషిత్వము, అనగా మాటలు తక్కువగా నుండుట. రెండవది మొగమాటము, అనగా కాదనవలసినచోట కాదనలేకపోవుట, అడుగవలసినది అడుగలేకపోవుట. మూడవది లోకభీతి, అనగా నలుగురేమనుకొందురో యను వెరపు. క్షౌరవృత్తికి మొదటిది మేలు చేయును. రెండవదానిని దిద్దుకొనవలెను. మూడవదానిని వృత్తిలో అడుగు పెట్టకమునుపే తేల్చుకొనవలెను. ఈ మూటిని క్రమముగా చూతము.

మరుసటి ఆదివారము అతనిని వెంటబెట్టుకొని చిక్కడపల్లిలో నేను చిరకాలముగా క్షౌరము చేయించుకొను అంగడికి పోయితిని. ఆ వృద్ధుడు నాయీబ్రాహ్మణుడు. తండ్రితాతలనుండి అదే వృత్తి. గోడనిండ అద్దము, రెండు కుర్చీలు, పటికముక్క, నీళ్లు చిమ్ము సీసా, గోడకు వ్రేలాడు కత్తెరలు – ఇంతే అతని సామగ్రి. సంగతి విని అతడు నా మెడకు గుడ్డ కట్టుచు ఇట్లనెను:

"సారూ, మాట్లాడేటోళ్లు నా దగ్గర శానమంది పని నేర్వ వచ్చిండ్రు. నోరు నడిస్తే కత్తెర ఆగుతది. నోటికి రాకున్నా నడుస్తది బిడ్డా, చెవికి రావాలె."

ఈ మాటలో వృత్తిరహస్యము సగమున్నది. కుర్చీలో కూర్చున్నవాడు చెప్పునది ఒకటి, కోరునది మరియొకటి. "కొంచెము తీయుము" అనును. ఆ కొంచెము ఒకనికి గోరంత, మరియొకనికి బెత్తెడు. కావున మంచి పనివాడు మాటలను నమ్మక వ్రేళ్లతో కొలిచి చూపును: "ఇంత తీయుదునా?" జుట్టు కడపట ఎప్పుడు తీయించుకొంటిరి? ఇంట పాపట ఏ వైపు తీయుదురు? క్రితము మారు ఏది నచ్చలేదు? తలపై పుండుగాని కురుపుగాని కలదా? మందులేవైనను పడవా? చూడగా ఐదు ప్రశ్నలు. ఈ ఐదింటిని కంఠస్థము చేసినవానికి మొదటి ఏడాదికి మాటల కరవు లేదు. మిగిలినదంతయు వినుటయే.

ఇంకొక వింత. ఈ వృత్తిలో పనివాడును వచ్చినవాడును ఎదురెదురుగా నిలువరు. ఒకడు మరియొకని వెనుక నిలిచి, ఇద్దరును అద్దములో చూచుకొందురు. మాటలాడుటకు జంకువానికి ఇంతకంటె అనువైన ఏర్పాటు లేదు. చేతిలో పని యున్నది. కన్ను జుట్టుపై నున్నది. మాట ఆగినను కత్తెరచప్పుడు ఆ ఖాళీని నింపును. పాశ్చాత్యదేశముల క్షౌరశాలలు కొన్నింట మాటలాడ నిష్టము లేనివారికై ప్రత్యేకముగా ఒక మౌనపు కుర్చీ నేర్పరచినారు. మౌనమును కోరి వచ్చువారు కూడ కలరనుటకు అది నిదర్శనము.

చేయి తెలిసికొనవలసిన విద్య మాత్రము తక్కువది కాదు. మనుష్యుని తలపై సుమారు లక్ష వెండ్రుకలుండును. అవి నెలకు రమారమి అర అంగుళము పెరుగును. దినమునకు యాబదినుండి నూరు వరకు రాలుట సహజము. ఇది తెలియక వెరచి వచ్చువారికి ధైర్యము చెప్పవలసినవాడు పనివాడే. తడిసిన వెండ్రుక సాగును; కావున తడిజుట్టును కోరిన పొడవునకు కత్తిరించినచో ఆరిన పిమ్మట పొట్టియగును. నడినెత్తిపై సుడి ఏ దిక్కునకు తిరిగినదో చూడక అచ్చట కత్తెర వేసినచో వెండ్రుకలు నిక్కబొడుచుకొని నిలుచును. ఇవన్నియు పుస్తకమున చదివిన కొంత, చేతితో చేసిన మిక్కిలి తెలియును.

మన పూర్వులు దీనిని నీచముగా నెంచలేదు. చరకసంహితలో దినచర్య చెప్పుచోట కేశములను, గోళ్లను తీయించుకొనుట ఆరోగ్యమునకును అందమునకును హేతువని పేర్కొనబడినది. వాత్స్యాయనుడు చెప్పిన అరువదినాలుగు కళలలో కేశములను మర్దించు నేర్పు ఒకటి. తిక్కన సోమయాజి ఆంధ్రీకరించిన విరాటపర్వమున ద్రౌపది అజ్ఞాతవాసమునకు ఎన్నుకొన్న వృత్తి ఏది? సైరంధ్రి వేషమున సుధేష్ణకు తల దువ్వి కొప్పు తీర్చుట. ఆమెకు కలిగిన పరాభవము కీచకుని దుర్బుద్ధివలన వచ్చినది గాని, చేపట్టిన పనివలన వచ్చినది కాదు. ఐరోపాలో ఒకప్పుడు క్షురకులే శస్త్రవైద్యులు. పదునారవ శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు అంబ్రోయిజ్ పారే ఆ వర్గమునుండి వచ్చినవాడే. లండనులో క్షురకులును శస్త్రవైద్యులును 1540లో ఒకే సంఘమై, 1745లో విడిపోయిరి.

అశోకనగరమునకు ఎంతో దూరములేని హుస్సేన్ సాగరమున 1992లో నిలిపిన బుద్ధవిగ్రహమును మీరు చూచియే యుందురు. ఆ బుద్ధుని శిష్యులలో ఉపాలి యనువాడు శాక్యుల క్షురకుడు. శాక్యరాజకుమారులు భిక్షువులగుటకు పోవుచు నగలను మూటగట్టి యిచ్చి అతనిని ఇంటికి మరలిపొమ్మనిరి. ఆ నగలతో పోయినచో శాక్యులు తన్ను చంపుదురని అతడు వెరచి, మూటను చెట్టునకు వ్రేలాడగట్టి తానును వారి వెంట నడిచెను. తమ గర్వమణగుటకై మొదట ఉపాలికే దీక్ష నిమ్మని రాజకుమారులు వేడిరి. పిమ్మట వారే అతనికి మ్రొక్కవలసివచ్చినది. బుద్ధుని నిర్యాణానంతరము రాజగృహమున జరిగిన సభలో మహాకాశ్యపుడు భిక్షువుల నియమములను గూర్చి ఒక్కొక్క ప్రశ్న వేయగా, ఉత్తరములు చెప్పినవాడు ఈ ఉపాలియే. ఊరక మాటలాడుట వేరు. తనకు బాగుగా తెలిసిన విషయమును అడిగినవానికి చెప్పుట వేరు. రెండవదానికి సిగ్గరి కూడ చాలును. విద్య పెరిగినకొలది జంకు తరుగును గాని, జంకు పోయిన పిదప విద్య మొదలిడుదమన్నవానికి రెండును లేవు.

ఇక మొగమాటము. ఇది ఈ వృత్తిలో నష్టము చేయును. "నేడు డబ్బు లేదు, రేపిత్తును" అను స్నేహితునికి కాదనలేనివాడు అంగడి మూయును. రంగువేయుమని తొందరపెట్టువానితో, "ముందుగా చెవివెనుక కొంచెము రాచి రెండుదినములు చూతము" అని చెప్పలేనివాడు ప్రమాదము తెచ్చును; జుట్టురంగులలోని రసాయనము కొందరికి పడక మొగము వాచును. జుట్టును నిలువుగా సాగదీయు మందులు కొన్నింటిలో ఫార్మాల్డిహైడ్ అను వాయువు వెలువడును. అది క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ పరిశోధకులు 2004లో నిర్ణయించిరి; దానిని ప్రతిదినము పీల్చువాడు పనివాడే. ప్రతిమనిషికి క్రొత్త బ్లేడు వేయవలెననుట కూడ మొగమాటము లేక పాటింపవలసిన నియమము. కామెర్లు కలిగించు హెపటైటిస్-బి వంటివి రక్తము ద్వారా ప్రాకును. ఇవి నాలుగు వాక్యములు. అద్దము ముందు నిలిచి రోజునకు పదిమారులు పలికి నేర్చుకొనవచ్చును. లండనులో 1954లో తన క్షౌరశాలను తెరచి ప్రపంచప్రసిద్ధుడైన విడాల్ ససూన్ తన పేదవాడల యాస అడ్డుగా నుండుటచే ఉచ్చారణ పాఠములు చెప్పించుకొన్నవాడే. మాట కూడ కత్తెర వలె సాధనచే పదునెక్కు పరికరము.

మూడవది లోకభీతి. ఇదియే కఠినము. ఇచ్చట ఆ వృద్ధుడు చెప్పిన మాట నన్ను కలచినది. "మా కొడుకు ఈ పని వద్దని ఆఫీసుల చేరిండు. మీరు ఆఫీసు వద్దని ఇటొస్తున్నరు. రా బిడ్డా, నేర్పుత. కాని ఒకటి యాదుంచుకో. మీరు చేస్తే స్టైలిస్టు, మేం చేస్తే మంగలి."

శ్రోతలారా, ఇది ఆలోచింపవలసిన మాట. పెండ్లికి సన్నాయియు డోలునూ పట్టి, పురుటికి మంత్రసానిగా వచ్చి, ఏటికొకమారు కళ్లములో కొలిచిన గింజలతో తృప్తిపడిన కులమునకు మనము ఆ వృత్తి పేరునే తిట్టుగా మార్చి బహూకరించితిమి. నేడు నారాయణగూడ, హిమాయతునగరము దారిలో అద్దాల సెలూనులు వెలసిన పిమ్మట అదే పనికి గౌరవము వచ్చినది. ఆ గౌరవములో పాతవారికి వాటా రాలేదు. 2021 ఏప్రిలు 1 నుండి తెలంగాణ ప్రభుత్వము నాయీబ్రాహ్మణుల క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు నిచ్చు పథకమును ఆరంభించెను. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన కేంద్రప్రభుత్వపు విశ్వకర్మ పథకమున చేర్చిన పదునెనిమిది వృత్తులలో క్షౌరవృత్తియు నొకటి. పరికరములకు 15,000 రూపాయల సాయమును, అయిదు శాతము వడ్డీకి అప్పును అందు విధింపబడినవి. ఇవి ఆ వృత్తిపై బ్రదుకువారిని ఉద్దేశించినవి. బయటినుండి వచ్చువాడు వానిపై కన్ను వేయక, తనకు పని నేర్పినవాని పేరు చెప్పుకొనుటకు సిగ్గుపడకుండుట ధర్మము. గురువును దాచువాని విద్య నిలువదని మన పెద్దలు నమ్మిరి.

ఆ అంగడినుండి బయటికి వచ్చి నా శిష్యుని అడిగితిని: "ఊరిలో నీ తండ్రిని 'మీ వాడు ఏమి చేయుచున్నాడు' అని అడుగుదురు. ఆయన ఏమని చెప్పవలెను?" అతడు చాలసేపు మాటలాడలేదు. మాటలాడుమని ఈమారు నేను తొందరపెట్టలేదు. చివరకు, "నేనే పోయి నాన్నకు చెప్తాను సార్" అనెను. అది చాలునని నాకు తోచినది.

ఇదే ఆలోచనలో నున్న ఇతరులకు నేను చెప్పగల సలహా స్వల్పము. ఉన్నదానిని ఒక్కసారిగా విడువకుడు. మూడు నెలలు ఆదివారములును, సాయంకాలములును ఒక అంగడిలో ఊడ్చుట, తువాళ్లు ఉతుకుట, తల కడుగుట చేయుడు. ఐ.టి.ఐ.లలోను, జంటనగరముల యువకులకు పని నేర్పుటకై స్థాపించిన సెట్విన్ సంస్థలోను సౌందర్యవృత్తుల శిక్షణ యిచ్చుచు వచ్చినారు. మొదటినెల బొమ్మతలపై అభ్యాసము కనుక అచ్చట మాటలతో పనిలేదు. స్త్రీలు పనిచోటు ఎట్టిదో, యజమాని నడత యెట్టిదో ముందుగా విచారించుకొనవలెను. దినమంతయు నిలువవలసిన పని కనుక కాళ్ల నరములును, నడుమును, మణికట్టును పరీక్షకు వచ్చును. రాత్రి ఇంటికి పోయినప్పుడు మీ అలసట ఎచ్చట నున్నదో చూచుకొనుడు. కాళ్లలో నున్నచో నిద్రతో పోవును. మనసులో నున్నచో, మనుష్యుల సాన్నిధ్యమే మీకు భారమైనచో, ఆ పని మీది కాదు. అందులో అవమానమును లేదు.

నా శిష్యుడు తండ్రికి చెప్పినాడు. తండ్రి రెండు నెలలు పలుకలేదు. మూడవ నెల పట్నమునకు వచ్చి, కొడుకు పనిచేయు కుర్చీలో కూర్చుండి, గడ్డము చేయుమని మాత్రము అనెనట. అంతకుమించి వారిరువురి మధ్య మాటలు జరుగలేదు. ఆ యింట మితభాషిత్వము వంశపారంపర్యమని నాకప్పుడు తెలిసినది.

క్రితము ఆదివారము నేనును ఆ కుర్చీలో కూర్చుంటిని. వెనుక నిలిచి అతడు తన ఐదు ప్రశ్నలను ఒక్కొక్కటిగా అడిగెను. నాకున్న నాలుగు వెండ్రుకలకు నేను తగిన ఉత్తరములిచ్చితిని. కత్తెర నడుచుచుండగా అద్దములో అతని మొగము చూచి, "తొమ్మిదవ తరగతిలో నేనన్న మాట తప్పు నాయనా" అంటిని. ఎదురుగా నిలిచియున్నచో నా నోట ఆ మాట వచ్చెడిది కాదేమో. అతడు కత్తెర ఆపలేదు. "తల కొంచెం వంచండి సార్" అనెను.

వంచితిని.